కొవ్వొత్తి మైనం

కావలి బస్టాండు గోడకానుకొని నా అంగడి.
ఒక గొడుగు, ఒక స్టూలు, రేకుడబ్బా నిండా రన్నర్లు.
జిప్పుల మాలకొండయ్య అంటే
వింజమూరు బస్సు కండక్టరు గూడా చెయ్యెత్తి చూపిస్తాడు.

మూడునాళ్ల కిందట మద్రాసు బస్సులోంచి
రవణమ్మ అనే ఆమె దిగింది.
నీలం పెట్టె, మూడే చక్రాలు.
కువైట్‌లో ఎవరింట్లోనో ఆరేండ్లు అంట్లు తోమి
ఊరికి పోతా పోతా
పెట్టె నా ముందర నిలబెట్టి
"చూడన్నా" అనింది. అంతే.

తాళం వేసినట్టే ఉండాది.
గుర్తుకి కట్టిన ఎర్ర రిబ్బను కట్టినట్టే ఉండాది.
ఆడ ఎక్కించేటప్పుడు ఇరవైతొమ్మిది కిలోలు,
ఈడ పాతసామాన్ల అంగడి కాటా మీద ఇరవయ్యైదు.

ఏం పోయిందని నేనడగలా. ఆమే చెప్పింది:
అక్క కొడుక్కి తెచ్చిన ఫోను,
డజను బామ్ సీసాలు, పాలపొడి,
సాక్సులో దూర్చిన రెండుకాసుల గొలుసు.
"సాక్సు ఉంచినారన్నా,
రెండోదాంతో జతజేసి, మడిచి."

ఎక్కేటప్పుడు చేతిసంచిలో
తలకి రాసుకునే నూనె ఎక్కువుందని పారబోసినారంట.
చెప్పులిప్పించినారు, గాజులు తీపించినారు,
జడలో పిన్నీసు కుయ్యిమంటే
ఆమెని పక్కకి తీసి మళ్లీ తడిమినారు.
"పెట్టె మాత్రం రబ్బరు తెరల వెనక్కి
దానంతటదే పోయిందన్నా.
ఆ తెరల వెనక ఏముంటాది?"

నాకేం తెలుసు?
విమానం పోతుంటే తలెత్తి చూసేవాణ్ణి.
జేబులో పెన్ను తీసి
జిప్పు పళ్ల నడుమ గుచ్చినా.
పెట్టె నోరు తెరిచింది,
సంతలో బేరగాడి చేతిలో ఎద్దు తెరిచినట్టు.
తాళంతో సహా రన్నర్లని ఆ కొసకీ ఈ కొసకీ లాగితే
మళ్లీ మూసుకుంది.
"తాళం రన్నర్లకే తల్లీ. జిప్పుకి తాళం లేదు."
ఆమె ఏడవలా.
"ఇంతేనా?" అనింది.

కాయితం రాసిచ్చినావా అన్నా.
రాసిచ్చిందంట.
యూనిఫారమాయన, అది విమానం కంపెనీ పనన్నాడు.
కంపెనీ పిల్ల, అది ఎత్తిదించేవాళ్ల పననింది.
ఎత్తిదించేవాళ్లు కాంట్రాక్టు.
కాంట్రాక్టరంటే ఒక ఫోను నంబరు.
నంబరు మోగుతా ఉండాది.
కెమెరా ఉండాదంట గానీ
దానికి ఆ మూల ఆనదంట.

పళ్లు ఒరుసుకున్నచోట వేలుపెట్టి తడిమినా.
జారుడుగా ఉండాది. తెల్లగా, పొడిపొడిగా.
కొవ్వొత్తి మైనం.

నూనె రాస్తే దుమ్ము పట్టుద్ది,
సబ్బు రాస్తే వానకి కరుగుద్ది,
మైనం రాయరా అబ్బయ్యా అని
ఈ స్టూలు మీదనే రెండేండ్లు కూర్చోబెట్టి చెప్పినా, సందానికి.
తాళంచెవి పోగొట్టుకొని పరిగెత్తుకొచ్చే
పెండ్లోళ్ల కోసం పెన్ను ఉపాయం గూడా నేర్పినా.
తెరిస్తే గొప్పగాదురా,
తెరిచిన గుర్తు లేకుండా మూసియ్యాల,
అదిరా పనితనం అని వీపు తట్టినా.

పోయిన ఏడు వాడికి
మద్రాసు ఏర్‌పోర్టులో లోడింగు పని దొరికింది.
మెళ్లో కార్డేసుకొని ఫోటో పంపితే
స్టూడియోలో తీయించి
రేకుడబ్బా మూతమీద అంటించుకున్నా.

కొవ్వొత్తులు ఒక్క కావలిలోనే అమ్మరు గదా.
మైనం రాసేవాళ్లు వేలమంది ఉంటారు గదా.
సాక్సులు జతజేసి మడిచేవాళ్లు,

కొత్త రన్నరు వేసినా. నాలుగో చక్రం వేసినా.
ఎంతన్నా అనింది.
వద్దుపోమ్మా అన్నా.
వద్దన్నందుకేమో, నన్నొకమారు నిదానంగా చూసింది,
రబ్బరు తెరల్ని చూసినట్టు.
స్టూలు మీద యాభై కాయితం పెట్టి
వింజమూరు బస్సెక్కింది.

అప్పట్నుంచి డబ్బా మూత వేయడంలా.
వేస్తే వాడి మొకం పైకొస్తాది.
రోడ్డు దుమ్మంతా
రన్నర్లలో పడతా ఉండాది.